ఈగలను గుర్తించు విద్య

పూతకు వచ్చిన కొత్తిమీర మడివద్ద ఎండ ముదురకమున్ను కొంతసేపు నిలిచి చూచువారికి, పసుపు నలుపు పట్టెల ఉదరముతో, రెక్కలు కంటికానని వడితో ఆడించుచు, గాలిలో ఒక్కచోటనే నిలిచియుండు చిన్న ప్రాణి యొకటి కానవచ్చును. కందిరీగ యని తలచి పలువురు చేయి వెనుకకు తీసికొందురు; కాని అది కొండిలేని ఈగ, 1805లో కీటకశాస్త్రజ్ఞుడు ఫెబ్రీషియస్ వర్ణించిన ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్ కావచ్చును.

కందిరీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. వెనుకటి జత కుంచించుకొని గదలవంటి రెండు చిన్న కాడలుగా మారినది. ఎగురునపుడు అవియు కంపించుచు, దేహము ఏ వైపునకు ఒరిగినను తత్క్షణమే తెలియజేసి ఈగను నిలకడగా ఉంచును. భూతద్దముక్రింద రెక్కను పరికించినచో, ఏ ఈనెతోను కలియక నడుమనే అంతరించు సన్నని గీత యొకటి అగపడును. ఈ ఈగ చేరిన కుటుంబమును పట్టియిచ్చు ఆనవాలు అదియే. మగదానికి రెండు కన్నులును నడినెత్తిన కలిసికొనును, ఆడుదానికి వాని నడుమ ఎడముండును. ఇట్టి సూక్ష్మలక్షణములయందే ఈ శాస్త్రమంతయు నిలిచియున్నది గనుక, ఒక్క రోమము రాలినను జాతినిర్ణయము చిక్కులలో పడును. అందువలననే ఈగను భద్రపరచునపుడు సూదిని వీపు నడుమ గ్రుచ్చక కొంచెము కుడికి గ్రుచ్చుదురు. ఎడమప్రక్క రోమములైనను చెదరకుండును.

ఉష్ణదేశముల ఈగలను ఇట్లు ఓపికతో పరిశీలించినవారిలో వృత్తిరీత్యా కీటకశాస్త్రజ్ఞులు కానివారును కలరు. కలకత్తాలో నివసించిన ఎన్రికో బ్రూనెట్టి సంగీతవృత్తివాడు. భారతదేశపు ఈగలనుగూర్చి 1912, 1920, 1923 సంవత్సరములలో ఆయన వెలువరించిన సంపుటములను ఈనాటికిని పరిశోధకులు తిరుగవేయుచున్నారు. జీవనోపాధితో నిమిత్తములేని ఆసక్తి ఇంతటి పని చేయగలుగుట నాకు మిక్కిలి గౌరవాస్పదముగా తోచును.

లోకమున పేరుపెట్టబడిన ఈగజాతులు లక్షన్నరకు మించియున్నను, ఉష్ణమండలమున పేరులేనివి అపారము. పేరున్నవానిలోను అనేకము ఒకటి రెండు ప్రతులవలననే తెలిసినవి, వాని డింభకములను చూచినవారే లేరు. ఈ కొరతను తీర్చుటకు గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. పేనుబంక పట్టిన చిక్కుడు కొమ్మను వెదకినచో, కాళ్లులేని పచ్చని పురుగొకటి పేనుబంకను నోట కరచి, పైకెత్తి, రసమును పీల్చి తొక్కను విడిచివేయుట కనబడును. ఆ కొమ్మను పురుగుతోగూడ సీసాలో నుంచి, పలుచని గుడ్డ కట్టి, పేనుబంకను అందించుచుండినచో, కొలది దినములలో అది ఆకునంటి నీటిబొట్టు ఆకారపు గూడుగా మారి, పిదప ఈగయై వెలువడును. ఆ ఈగను, వట్టి గూటిని ఒకేచోట భద్రపరచి, ఊరు, తేదీ, మొక్క పేరు వ్రాసిన చీటిని దానిక్రింద తప్పక గ్రుచ్చవలెను.