బ్రేకు వణుకు – నిదానం

వైద్యశాస్త్రంలో ‘నిదానం’ అంటే రోగమూలాన్ని నిర్ణయించడం. పాత కారుకూ అది అవసరమే. బ్రేకు వేసినప్పుడే వాహనం వణికితే దోషం సాధారణంగా బ్రేకులలో ఉంటుంది. వేయకున్నా వణికితే టైర్లనూ, చక్రాల సమతుల్యతనూ పరీక్షించాలి. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు గల కార్లలో స్టీరింగు అదిరితే ముందు డిస్కులను, ఆసనం అదిరితే వెనుక డ్రమ్ములను మొదట శంకించాలి. మందం సమంగా లేని డిస్కు తిరుగుతూ ప్యాడ్లను ముందుకూ వెనుకకూ నెడుతుంది. ఆ తాకిడే పెడలు ద్వారా పాదానికి తెలుస్తుంది. డిస్కు పక్కకు 0.1 మిల్లీమీటరు ఊగినా డయల్ గేజి పట్టి చూపుతుంది. హబ్బుపై తుప్పు తొలగించక కొత్త డిస్కు బిగిస్తే అది వంకరగా తిరిగి, క్రమంగా అసమంగా అరిగి, వణుకు మరల తలెత్తుతుంది. కారణమెరుగక భాగాలు మార్చడం ధనవ్యయం; వణుకును ఉపేక్షించడం ప్రాణాపాయం.