కంప్యూటరుకూ ఒక రిజిస్టరు ఉంది – దాని నకలు దాచుకుందాం

మన వార్డెన్ సార్ బల్ల మీద ఎన్ని రిజిస్టర్లు ఉంటాయో మనందరికీ తెలుసు. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు రిజిస్టరు, స్టాకు రిజిస్టరు. ఎవరు ఏ గదిలో ఉన్నారు, బియ్యం ఎన్ని కిలోలు మిగిలాయి, ఎవరికి దుప్పటి ఇచ్చారు అన్నీ వాటిలోనే ఉంటాయి. పిల్లలూ ఉండి, బియ్యమూ ఉండి, ఆ పుస్తకాలు మాత్రం పోతే మరునాడు ఏ పనీ సాగదు. విండోస్ కంప్యూటరులోనూ అలాంటి పుస్తకం ఒకటుంది. దాని పేరే 'రిజిస్ట్రీ'.

రిజిస్ట్రీ అంటే ఏమిటి?

పూర్వం ఒక్కో ప్రోగ్రాము తన సెట్టింగులను 'ఐఎన్ఐ' అనే చిన్న ఫైళ్ళలో విడివిడిగా రాసుకునేది. 1995లో వచ్చిన విండోస్ 95 నుండి వీటిని ఒకే చోట రాసే పద్ధతి స్థిరపడింది. ఇప్పటి విండోస్‌లో ఈ సమాచారం సి డ్రైవ్‌లోని విండోస్, సిస్టమ్32, కాన్ఫిగ్ ఫోల్డరులో 'సిస్టమ్', 'సాఫ్ట్‌వేర్' మొదలైన పేర్లతో కొన్ని ఫైళ్ళుగా ఉంటుంది. కంప్యూటరు ఆన్ చేయగానే ఏ డ్రైవర్లు లోడ్ చేయాలో విండోస్ ఇందులోనే చూసుకుంటుంది. అందుకే 'సిస్టమ్' ఫైలు చెడిపోతే విండోస్ తెరుచుకోదు.

మన పాతబస్తీ నుండే ఒక ఉదాహరణ చూద్దాం. ఛత్తా బజార్ పెళ్ళికార్డుల అచ్చుకు పేరు పొందిన వీధి. ఇలాంటి డి.టి.పి. పనిలో ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు అను ఫాంట్ల వంటివి వాడతారు. ఏ ఫాంటు ఏ ఫైలులో ఉందన్న జాబితా రిజిస్ట్రీలో ఉంటుంది. చాలా ప్రోగ్రాములు తమ సెట్టింగులు కూడా అక్కడే రాసుకుంటాయి. అందుకే ప్రోగ్రాము ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి వేరే సిస్టంలో పెడితే చాలాసార్లు అది పనిచేయదు. ఫోల్డరు వచ్చింది కానీ, రిజిస్టరులో దాని పేరు ఎక్కలేదన్నమాట!

ఎందుకు చెడిపోతుంది?

అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోవడం, వైరస్, హార్డ్‌డిస్క్ లోపం ముఖ్య కారణాలు. ఎవరో చెప్పిన 'చిట్కా' విని రెగ్‌ఎడిట్ తెరిచి మార్పులు చేయడం మరో కారణం. రెగ్‌ఎడిట్‌లో 'అన్‌డూ' లేదు. తుడిచేస్తే పోయినట్టే. ఇక 'రిజిస్ట్రీ క్లీనర్' అనే సాఫ్ట్‌వేర్‌లను వాడవద్దని విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్టే హెచ్చరిస్తోంది.

నకలు తీసే పద్ధతులు

ఒకటి: చిన్న మార్పు చేసే ముందు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో రెగ్‌ఎడిట్ అని టైపు చేయాలి. మార్చబోయే భాగాన్ని ఎంచుకుని, ఫైల్ మెనూలో 'ఎక్స్‌పోర్ట్' నొక్కి, తేదీతో పేరు పెట్టి సేవ్ చేయాలి. తిరిగి కావాలంటే అదే మెనూలో 'ఇంపోర్ట్' ఉంది. అయితే ఒక మెలిక గుర్తుంచుకోండి. ఇంపోర్ట్ చేస్తే పాత విలువలు తిరిగి వస్తాయి గానీ, తరువాత కొత్తగా చేరినవి తొలగిపోవు. పైగా విండోస్ తెరుచుకోకపోతే రెగ్‌ఎడిట్‌ను మామూలుగా తెరవలేం కనుక, ఈ పద్ధతి పెద్ద ప్రమాదానికి చాలదు.

రెండు: రీస్టోర్ పాయింట్. స్టార్ట్‌లో 'రీస్టోర్ పాయింట్' అని వెతికితే సిస్టమ్ ప్రొటెక్షన్ పేజీ వస్తుంది. సి డ్రైవ్ ఎదుట 'ఆఫ్' అని ఉంటే కాన్ఫిగర్ నొక్కి ఆన్ చేయాలి. తరువాత 'క్రియేట్' నొక్కి తేదీ రాయాలి. రిజిస్ట్రీతో పాటు ముఖ్యమైన సిస్టం ఫైళ్ళ నకలు కూడా ఇందులో చేరుతుంది. విండోస్ వరుసగా తెరుచుకోక మొరాయిస్తే రిపేర్ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రీస్టోర్ వరుసగా ఎంచుకుంటే ఆ తేదీ నాటి స్థితికి వెళ్ళవచ్చు. ఆ తేదీ తరువాత వేసిన ప్రోగ్రాములు, డ్రైవర్లు మళ్ళీ వేసుకోవాలి.

'విండోసే నకలు తీస్తుంది కదా' అనుకునేవారికి

ఒకప్పుడు అది నిజమే. కాన్ఫిగ్ ఫోల్డరులోని 'రెగ్‌బ్యాక్'లో విండోస్ తానే నకలు దాచేది. 2018లో వచ్చిన విండోస్ 10 – 1803 వెర్షన్ నుండి డిస్క్‌లో చోటు ఆదా కోసం దీన్ని ఆపేశారు. ఇప్పుడు ఆ ఫోల్డరు తెరిస్తే ఫైళ్ళ పేర్లు కనిపించవచ్చు, సైజు మాత్రం సున్నా! పాత పుస్తకాలు చదివి దాని మీద భరోసా పెట్టుకుంటే అవసరానికి ఖాళీ పెట్టె చేతికొస్తుంది.

మరొక్క మాట. రిజిస్ట్రీ నకలు మన ఫైళ్ళకు నకలు కాదు. ప్రాజెక్టు రిపోర్టు, ఫొటోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాల స్కాన్ కాపీలు విడిగా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. హార్డ్‌డిస్కే పోతే దానిలోని రీస్టోర్ పాయింట్ కూడా పోతుంది.

మిత్రులారా! ఇంట్లో కంప్యూటరు ఉన్నవారికి అది పాడైతే ఒకరి పనే ఆగుతుంది. హాస్టల్లో ఒక్క సిస్టం ఆగితే ఎందరో ఆగిపోతారు. ఈపాస్ స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి తేదీ నాడే అలా జరిగితే ఏడాది చదువు ఖర్చే చిక్కులో పడవచ్చు. కనుక దరఖాస్తుల కాలానికి ముందే, వార్డెన్ సార్ అనుమతి తీసుకుని, ఒక రీస్టోర్ పాయింట్ తయారు చేద్దాం. ఆ తేదీని కంప్యూటరు పక్కన ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచుదాం. మన తరువాత వచ్చే తమ్ముళ్ళకు కూడా ఈ పని నేర్పి వెళదాం. దీనికి పట్టేది కొద్ది నిమిషాలు, అయ్యే ఖర్చు సున్నా.