విమాన మైళ్ళ కార్డు: ఎవరికి లాభము, ఎవరికి నష్టము



మన పల్లెలలో విమానమెక్కినవారిని వ్రేళ్ళపై లెక్కించు దినములు గడచిపోయినవి. కుమారుడు అమెరికాలోనో, కుమార్తె ఆస్ట్రేలియాలోనో, మేనల్లుడు దుబాయిలోనో ఉన్న యిండ్లు నేడు గోదావరి తీరమునందును, కరీంనగరు ప్రాంతమునందును అనేకములు కలవు. వారు వచ్చి పోవుచుందురు. మనుమల ముఖము చూచుటకై పెద్దలును పోయి వచ్చుచున్నారు. ఇట్టి కుటుంబములకు బ్యాంకులవారు ఒక ఆశ చూపుచున్నారు. “మా కార్డుతో ఖర్చు చేయుడు, ఖర్చు చేసిన కొలది మీకు మైళ్ళు చేరును, ఆ మైళ్ళతో విమానమున ఉచితముగా పోవచ్చును” అని వారందురు. ఈ మాటలో నిజమెంత యున్నదో నేడు విచారింతము.

క్రెడిట్ కార్డనగా అంగడిలో మనకుండు ఖాతా వంటిదే. నెల పొడుగునను సరకు తెచ్చుకొని, పిమ్మట లెక్క తీర్చుదుము. భేదమేమనగా, ఇచట అంగడివానికి సొమ్మును బ్యాంకు ముందుగా చెల్లించి, మననుండి తరువాత రాబట్టుకొనును. గడువులోపల బాకీ పూర్తిగా తీర్చినవారికి సరకుల కొనుగోలుపై వడ్డీ లేదు.

ఇక మైళ్ళ మాట. తరచుగా ప్రయాణము చేయువారిని తమవద్దనే నిలుపుకొనుటకై 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అను సంస్థ, వారు ప్రయాణించిన మైళ్ళను లెక్కవ్రాసి, కొన్ని వేల మైళ్ళు కూడినపుడు ఒక టిక్కెట్టు నిచ్చు పద్ధతిని ప్రారంభించెను. 1987లో ఆ సంస్థయే సిటీబ్యాంకుతో కలసి కార్డును వెలువరించెను. నాటినుండి విమానమెక్కకయే, బియ్యము కొన్నను, బట్టలు కొన్నను మైళ్ళు చేరసాగెను. మన దేశమునందును ఈ యేర్పాటు వ్యాపించినది. ఎయిరిండియాకు ఇట్టి పథకము చిరకాలమునుండి కలదు. ఇండిగో సంస్థ 2024లో బ్లూచిప్ అను పథకమును నెలకొల్పెను.

ఈ మైళ్ళు ఊరక వచ్చునవి కావు. విమానసంస్థనుండి వానిని బ్యాంకు సొమ్మిచ్చి కొనుచున్నది. ఆ సొమ్ము బ్యాంకునకు ఎచటినుండి వచ్చును? అంగడివాడు ప్రతి నూటికిని ఇచ్చు రుసుమునుండి కొంత, కార్డునకు మనము సాలీనా కట్టు చందానుండి కొంత, బాకీ నిలిపినవారి వడ్డీనుండి కొంత వచ్చును. కావున వడ్డీ కట్టువాని సొమ్ముతో, వడ్డీ కట్టనివాడు విమానమెక్కుచున్నాడని చెప్పిన తప్పు కాదు. ఈ వ్యాపారము స్వల్పమైనదియు కాదు. మహమ్మారి కాలమున, 2020లో, యునైటెడ్ అను అమెరికా విమానసంస్థ తన మైళ్ళ పథకమును తాకట్టుపెట్టి 680 కోట్ల డాలర్ల ఋణము తెచ్చుకొనగలిగెను.

కార్డు తీసికొనదలచినవారు మొదట మైలు విలువను కట్టవలెను. ఉదాహరణమునకు ఒక టిక్కెట్టు వెల 9,000 రూపాయలనుకొందము. అదే టిక్కెట్టును మైళ్ళతో కొన్నచో 6,000 మైళ్ళును, పన్నుల క్రింద 1,800 రూపాయలును కావలెననుకొందము. ఉచిత ప్రయాణమన్నను పన్నులు తప్పవని గమనింపుడు. మిగిలినది 7,200 రూపాయలు. దానిని 6,000 చేత భాగింపగా మైలొక్కింటికి 1 రూపాయి 20 పైసలు వచ్చును. కార్డు నూరు రూపాయల ఖర్చునకు 2 మైళ్ళ నిచ్చునదైనచో, నూటికి 2 రూపాయల 40 పైసల లాభమన్నమాట.

ఇప్పుడు చందాను చూతము. సాలీనా చందా 3,000. దానిపై నూటికి 18 చొప్పున పన్ను 540. వెరసి 3,540 రూపాయలు. ఇది తిరిగి వచ్చుటకే ఏటికి 1,47,500 రూపాయలు కార్డుపై ఖర్చు చేయవలెను. అంతియే కాదు. చందా లేకయే నూటికి 1 రూపాయి 50 పైసలు నగదుగా తిరిగి యిచ్చు మరియొక కార్డు దొరకినచో, మైళ్ళ కార్డు అధికముగా నిచ్చునది నూటికి 90 పైసలు మాత్రమే. అపుడు ఏటికి సుమారు 3,93,000 రూపాయలు ఖర్చు చేసినగాని మైళ్ళ కార్డు మేలు కాజాలదు. ఈ అంకెలు దృష్టాంతమునకు చెప్పినవి. మీ చేతికి వచ్చిన కార్డు అంకెలను ఇదే విధముగ వేసి చూచుకొనుడు.

పిదప, ఏ విమానసంస్థ కార్డు? మీకు దగ్గరగానున్న విమానాశ్రయమునుండి, అనగా గన్నవరమో, రాజమహేంద్రవరమో, తిరుపతియో, శంషాబాదో, అచటినుండి మీవారు పోవలసిన ఊరికి ఏ సంస్థవారి విమానములు నడచుచున్నవో తొలుత చూడవలెను. మన దారిలో పోని బండికి బాడుగ ముందుగా కట్టుట వివేకము గాదు. విదేశయానము చేయువారు సంస్థల కూటములను కూడ తెలిసికొనవలెను. ఎయిరిండియా 2014లో స్టార్ అలయన్స్ అను కూటమిలో చేరెను. లుఫ్తాన్సా, యునైటెడ్, సింగపూర్ సంస్థలును అందున్నవి. ఒకరివద్ద కూర్చిన మైళ్ళను మరియొకరి విమానమున వాడుకొనుటకు దీనివలన వీలు కలుగును. దుబాయివారి ఎమిరేట్స్ ఏ కూటమిలోను లేదు. విదేశమున కార్డు వాడినచో మారకముపై నూటికి మూడున్నర వరకు అదనపు రుసుము పడుట కలదు. నూటికి రెండు రూపాయల మైళ్ళకై మూడున్నర పోగొట్టుకొనరాదు.

మైళ్ళను ధాన్యమువలె గాదెలో నిలువచేయరాదు. వాని విలువను నిర్ణయించువాడు విమానసంస్థవాడు. నేడు 6,000 మైళ్ళకు దొరకు టిక్కెట్టునకు రేపు 9,000 అడుగవచ్చును. గడువు దాటిన మైళ్ళు కొట్టివేయబడుటయు కలదు. జెట్ ఎయిర్‌వేస్ విమానములు 2019 ఏప్రిల్ 17తో నిలిచిపోయినవి. దాని మైళ్ళ పథకము వేరు సంస్థగా నుండుటచే అంకెలు పుస్తకమున మిగిలెను గాని, ఎక్కుటకు ఆ విమానములే లేకపోయెను. విస్తారా సంస్థ 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలసిపోయెను. దాని పేరుతో తీసికొన్న కార్డుల ఏర్పాటులు మారిపోయెను. కూడిన మైళ్ళను కూడినట్లే వాడుకొనుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట చివరకు చెప్పుచున్నాను. బిల్లులో “కనీసపు మొత్తము” అని ఒక చిన్న అంకె యుండును. అది కట్టినచో బాకీ తీరినట్లు కాదు. మిగిలిన బాకీపై చాల కార్డులకు నెలకు నూటికి మూడున్నర రూపాయల వరకు, కొన్నింటికి అంతకు మించియు వడ్డీ పడును. మన ఊళ్ళలో నూటికి రెండు రూపాయల వడ్డీకే పెద్దలు వెనుదీయుదురు గదా! 50,000 రూపాయల బాకీ ఒక్క నెల నిలిచినచో వడ్డీ 1,750, దానిపై పన్ను 315, వెరసి 2,065 రూపాయలు. ఆ 50,000 ఖర్చునకు, వెనుకటి లెక్క ప్రకారము, చేరిన మైళ్ళ విలువ 1,200 మాత్రమే. ఒక్క నెల వడ్డీ మైళ్ళనన్నిటిని మ్రింగి, పైగా 865 రూపాయలు చేతినుండి లాగికొన్నది.

కావున మీ పిల్లలు ఇట్టి కార్డు తెచ్చినపుడు వారిని మూడు ప్రశ్నలడుగుడు. ప్రతి నెలయు బాకీని పూర్తిగా తీర్చుచున్నావా? ఏటికి ఎన్నిమారులు విమానమెక్కుచున్నావు? చందా పోగా మిగులునదేమి? మొదటి ప్రశ్నకు “లేదు” అని యుత్తరము వచ్చినచో తక్కిన రెండును అడుగ నక్కరలేదు. ఆ కార్డును కట్టిపెట్టుటయే మేలు. మీ పేర అదనపు కార్డు తీయింతుమన్నచో, దానిపై మీరు చేసిన ఖర్చుకూడ పిల్లవాని బాకీలోనే చేరునని యెరుగుడు.

చట్టము మీకు కొంత రక్షణ నిచ్చుచున్నది. రిజర్వు బ్యాంకువారు 2022లో చేసిన నిబంధనల ప్రకారము, అడుగనివారికి కార్డు పంపరాదు. బాకీ తీర్చి, కార్డు మూసివేయుడని కోరినచో ఏడు పనిదినములలో మూసివేయవలెను; ఆలస్యమైనచో దినమునకు 500 రూపాయల చొప్పున బ్యాంకు చెల్లించుకొనవలెను.

ఏటికి పలుమారులు ఒకే సంస్థవారి విమానమున పోవుచు, నెలనెల బాకీని నిశ్శేషముగా తీర్చువానికి ఈ కార్డు లాభకరము. రెండేండ్ల కొకమారు మనుమని చూడబోవు వానికి చందా లేని సామాన్యపు కార్డే చాలును. అరువు తీర్చలేనివానికి మాత్రము టిక్కెట్టు వెల నగదుగా నిచ్చి ప్రయాణము చేయుటయే చవుక.