క్రూయిజ్‌లో స్కూబా: ఏ గడియారం చూడాలి?

అఫ్జల్‌గంజ్‌లో సెంట్రల్ లైబ్రరీ పక్కన కూర్చుని కరీబియన్ సముద్రం గురించి చెబుతున్నానని నవ్వకండి. హ్యూస్టన్, డాలస్‌లలో ఉన్న మనవాళ్లు గాల్వెస్టన్‌లో ఓడెక్కి కోజుమెల్ వెళ్తుంటారు కదా, ఇది వాళ్ల కోసం.

ముందు టైమ్ సంగతి. కోజుమెల్‌లో 2015 నుంచి ఏడాదంతా ఒకటే టైమ్. చలికాలంలో అది టెక్సస్ కంటే గంట ముందుంటుంది. ఓడ మాత్రం టెక్సస్ టైమ్ మీదే నడవొచ్చు. డైవ్ షాపువాళ్లు 9 గంటలకు రమ్మన్నారంటే ఓడ గడియారంలో అప్పటికి ఎనిమిదే! మీరు తీరిగ్గా దిగేసరికి బోటూ పోతుంది, డబ్బులూ పోతాయి. ఫోనేమో తనంతట తానే టైమ్ మార్చేసుకుంటుంది, అదింకో గందరగోళం. బుక్ చేసేటప్పుడే 'ఎవరి టైమ్ అండీ?' అని అడిగేయండి.

సొంతంగా బుక్ చేసుకుని లేటయితే ఓడ ఆగదు. ఓడవాళ్ల టూరయితే మామూలుగా ఆగుతుంది, కాకపోతే రేటెక్కువ. మొదటిసారికి నేనైతే అదే తీసుకోమంటాను.

సర్టిఫికెట్ లేకపోయినా ఇన్‌స్ట్రక్టర్‌తో 12 మీటర్ల వరకు దిగొచ్చు. జలుబుంటే మానేయండి, చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు.

రెండు డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకెళ్తే బుడగలు కడుతుంది. ఓడలోనే గాల్వెస్టన్ వచ్చేవాళ్లకు ఆ టైమ్ దారిలోనే గడిచిపోతుంది. ఓడ మిస్సయితే మాత్రం ఆ రాత్రికి ఫ్లైట్ కాదు, హోటల్ వెతుక్కోవాలి.