మిషన్ పిలుపు ఎలా వస్తుంది? నాటాల్ వెళ్లిన జాన్ రంగయ్య

మొయినాబాద్, చేవెళ్ల వైపు ఫారిన్ అనగానే చిలుకూరే గుర్తొస్తుంది కదా! వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. చదువుకో, జీతానికో వెళ్తాం. కొందరు క్రిస్టియన్ యూత్ మాత్రం "దేవుడు నన్ను మిషన్‌కి పిలిచాడు" అంటారు. ఆ పిలుపు ఎలా ఉంటుందో ఒక నిజమైన కేస్ చూద్దాం.

నాటాల్ ఇప్పటి సౌతాఫ్రికాలో ఉంది. 1860 నుంచి మనవాళ్లని కూలీ ఒప్పందం మీద ఓడల్లో అక్కడికి తీసుకెళ్లారు. ఐదేళ్ల అగ్రిమెంట్, మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు. 1895 చట్టం ఏం చేసిందంటే, ఒప్పందం అయ్యాక కూడా అక్కడే ఉండాలంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టమంది. పౌండుకి 20 షిల్లింగులు, లెక్కేసుకోండి: ఆ మొదటి జీతం ఆరు నెలలది! కట్టలేక చాలామంది మళ్లీ కూలీకే వేలిముద్ర వేశారు.

వాళ్లలోని తెలుగు బాప్టిస్టులు తమకో పాస్టర్ కావాలని ఇండియాకి కబురు పెట్టారు. రంగయ్యగారికి వచ్చిన పిలుపు ఇదే, నా దృష్టిలో అసలు పాయింట్ కూడా ఇదే: అడిగింది అక్కడి కూలీలు. 1903లో తెలుగు బాప్టిస్ట్ హోమ్ మిషనరీ సొసైటీ ఆయన్ని పంపింది. ఏ తెల్లదొర సొసైటీయో కాదు, మన తెలుగు సంఘాలదే. కియర్స్‌నీ టీ తోటల దగ్గర సంఘం మొదలైంది.

ఆ పన్ను 1913 సమ్మె తర్వాత, 1914లో రద్దైంది. అది రంగయ్యగారే సాధించారని నేను చెప్పట్లేదు. ఆ పన్ను కట్టిన మనుషుల మధ్య ఆయన పాస్టర్‌గా ఉన్నారు. 1915లో కన్నుమూశారు.