సైకిలుకు బస

ప్రయాణికుడు కొత్త ఊరు చేరగానే ముందుగా వెతికేది బస. పూర్వం గుర్రం మీద వచ్చినవాడు తనకు గది అడిగి ఊరుకొనేవాడు కాదు. గుర్రానికి కొట్టము, గడ్డి, నీరు కూడా అడిగేవాడు. సత్రాలు కట్టించిన దాతలకు కూడా ఆ ఎరుక ఉండేది. బండ్లు విప్పుకొనడానికి ఆవరణ, ఎడ్లను కట్టడానికి చెట్టునీడ, వాటికి నీళ్ళతొట్టి ఉంటేనే అది సత్రమనిపించుకొనేది. మనిషికి అన్నం పెట్టి, అతనిని మోసుకొని వచ్చిన జంతువును వీధిలో వదలివేయడం ఆతిథ్యం కాదని నాటివారి భావన.

సైకిలు గడ్డి అడగని గుర్రం. సకిలించదు, తన్నదు, అర్ధరాత్రి లేపదు. సుమారు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల చోటు, తాళం వేసుకొనడానికి ఒక ఇనుపకమ్మి చూపితే చాలు. తెల్లవార్లూ గోడకు ఆనుకొని నిలబడుతుంది. ఒక కారు ఆక్రమించే చోటులో దాదాపు పది సైకిళ్ళు ఇముడుతాయి. ఇంతటి అల్పసంతోషికి హోటళ్ళలోను, ఆఫీసులలోను, ఆకాశాన్నంటే నివాసభవనాలలోను చోటు దొరకడం ఎందుకు కష్టమైనది? స్థలం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. దానిని ఏ పేరుతో లోపలికి పిలవాలో ఇంటివారికి తేలకపోవడం అంతకంటె పెద్ద కారణం.

ఏ ఇంటిలోనైనా వస్తువుకు దొరికే చోటు దాని పేరును బట్టి ఉంటుంది. వాహనమంటే వాకిలి బయట. సామానంటే గది లోపల. సైకిలుకు ఈ రెండు పేర్లూ పూర్తిగా అతకవు. అది వాహనమే; అయినా యజమాని దానిని భుజాన వేసుకొని మేడమెట్లు ఎక్కగలడు. అది సామానే, అయినా దాని చక్రాలకు ఊరి బురద అంటి ఉంటుంది, చైనుకు నూనె జిడ్డు ఉంటుంది. ఈ సందిగ్ధం నేటిది కాదు. సైకిలు మొదట విశేషంగా ప్రబలిన దేశాలలో ఒకటైన ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దంలోనే ఇది తలెత్తినది.

1878లో హారోగేట్ పట్టణంలో సైకిలు యాత్రికులు ఒక సంఘం స్థాపించుకొన్నారు. 1883లో అది సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అన్న పేరు పొందినది. అప్పటికి ముందుచక్రం మనిషి ఎత్తు ఉండే ఎత్తు సైకిళ్ళే వాడుకలో ఉండేవి; నేటి రూపానికి మూలమైన రోవర్ సైకిలును స్టార్లీ అనే ఆయన తయారుచేసినది 1885లో. దుమ్ము కొట్టుకొని, చెమటలు కక్కుతూ దిగే ఈ యాత్రికులకు మంచి బస దొరకడం ఆ సంఘం పెట్టుకొన్న ముఖ్యకార్యాలలో ఒకటి. సంఘంవారు ఊరూరా హోటళ్ళతో ముందుగానే ధరలు మాట్లాడి, ఒప్పుకొన్నవాటి జాబితాను చిన్న పుస్తకంగా అచ్చువేసి సభ్యులకు అందించారు. ఒప్పుకొన్న హోటలు గోడకు రెక్కలు గల చక్రం చిహ్నంగా ఉన్న ఇనుపపలక బిగించేవారు. చీకటి పడిన వేళ ఆ రెక్కల చక్రం కనబడితే యాత్రికునికి ప్రాణం లేచివచ్చేది. 1899 నాటికి ఆ సంఘం సభ్యుల సంఖ్య 60,000 దాటినది. ఇంతమంది ఒక్కటైతే తప్ప రెండు చక్రాల అతిథికి గౌరవంగా తలుపు తెరుచుకొనలేదన్నమాట.

ఇంతలో న్యాయస్థానం సైకిలుకు నామకరణం చేసినది. వేగంగా తొక్కిన ఒక వ్యక్తిని శిక్షించవచ్చునా అన్న ప్రశ్న 1879లో వచ్చినప్పుడు సైకిలు కూడా బండియే అని న్యాయమూర్తులు తేల్చారు. 1888 నాటి స్థానికపాలన చట్టం ఆ మాటనే స్థిరపరచినది. బండి అన్న పేరుతో సైకిలుకు రోడ్డు మీద బాధ్యత వచ్చినది, దానితోపాటు స్థానమూ వచ్చినది. అయితే గడప దగ్గరకు వచ్చేసరికి ఆ పేరు అంత మేలు చేయలేదు. అతిథి వెంట తెచ్చిన వస్తువులకు హోటలు యజమాని పూచీపడాలన్నది ఇంగ్లండులో అనాదిగా వస్తున్న ధర్మం. 1956 నాటి హోటలు యజమానుల చట్టం ఆ ప్రత్యేకమైన పూచీ నుండి వాహనాలను, వాటిలో వదలిన వస్తువులను, గుర్రాలను మినహాయించినది. పెట్టెకు ఉన్న రక్ష బండికి లేకపోయినది.

చోటు ఇవ్వడం వేరు, ఎటువంటి చోటు ఇస్తున్నారన్నది వేరు. 1898లో హార్బర్టన్ ప్రభుపత్ని సైకిలు మీద సర్రే ప్రాంతంలోని ఒక హోటలుకు వెళ్ళినది. ఆమె తొక్కడానికి అనువుగా లంగాకు బదులు వెడల్పాటి నిక్కరు ధరించి ఉన్నందువలన హోటలు యజమానురాలు ఆమెను కాఫీగదిలోనికి రానివ్వక, మద్యం తాగేవారి గది ప్రక్కనున్న మరొక గదిని చూపినది. వ్యవహారం కోర్టుకెక్కినది. మరొక గది చూపినారు గనుక అతిథిని నిరాకరించినట్లు కాదని 1899లో హోటలు పక్షానే తీర్పు వచ్చినది. సైకిలు విషయంలో నేటి భవనాలవారు చెప్పే సమాధానం కూడా ఈ తోవలోనిదే. “వద్దనలేదు కదా, వెనుక దొడ్డిలో పెట్టుకోండి” అంటారు. ఆ దొడ్డికి కప్పు ఉన్నదా, దీపం ఉన్నదా, తలుపు ఉన్నదా అన్న విచారణ ఉండదు.

తెలుగునాట ఈ చిక్కు ఆలస్యంగా వచ్చినది. పాత ఇండ్ల నిర్మాణమే సైకిలుకు అనుకూలం. వీధి అరుగు, లోపల నడవ, దాని వెనుక వసారా ఉండేవి. పగలు అరుగుకు ఆనించిన సైకిలును రాత్రి నడవలోనికి ఎత్తి పెట్టి తలుపు గడియ వేసేవారు. వీధిమెట్ల ప్రక్కన ఏటవాలుగా సిమెంటు చేసి చక్రం నడిపించుకొనడానికి బాట విడిచిన ఇండ్లు నేటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. ఇంటి బయట సైకిలుకు సినిమాహాలు ప్రక్కన, రైల్వేస్టేషను ముందర స్టాండు ఉండేది. హ్యాండిలుకు ఒక రేకుబిళ్ళ, యజమాని చేతికి అదే అంకె గల మరొక బిళ్ళ. వందల సైకిళ్ళ నడుమ నుండి ఆ అంకెను వెతికి బయటికి లాగే కుర్రవాని నేర్పు చూడదగినది. ఆ బిళ్ళ చిన్నదే కాని అది ఒక ఒడంబడిక. ఇతరుల వస్తువును అప్పగింతగా పుచ్చుకొన్నవాడు, తెలివిగల మనిషి తన సొంత వస్తువును కాపాడుకొనేటంత శ్రద్ధతో దానిని కాపాడాలని 1872 నాటి ఒడంబడికల చట్టం చెబుతున్నది.

లాడ్జీల గోడల మీద మాత్రం వేరొక వాక్యం కనిపిస్తుంది: వాహనములు ఎవరి బాధ్యతపై వారు నిలుపుకొనవలెను. ఈ వాక్యానికి ఎంత బలమున్నదో 2019లో సుప్రీంకోర్టు విచారించవలసి వచ్చినది. 1998లో ఢిల్లీలోని ఒక హోటలుకు వచ్చిన అతిథి తన కారు తాళంచెవిని అక్కడి సిబ్బంది చేతికి ఇవ్వగా, ఆ కారు దొంగలపాలైనది. నష్టానికి పూచీ యజమానిదేనని చీటీ మీద అచ్చువేసి ఉన్నదని హోటలు వాదించినది. వాహనాన్ని తన స్వాధీనంలోనికి తీసుకొన్న హోటలు తన అజాగ్రత్తను ఆ అచ్చుమాటల చాటున దాచుకొనజాలదని న్యాయస్థానం చెప్పినది. మంచి తీర్పు, కాని అది తాళంచెవి చేతులు మారిన కారును గురించినది. సైకిలు యజమాని తన తాళం తానే వేసి, తాళంచెవిని తన జేబులోనే వేసుకొంటాడు. బిళ్ళ లేదు, రసీదు లేదు. అప్పగింత జరిగినదని చూపడమే అతనికి కష్టం. తెల్లవారి చూసుకొంటే బెల్లు మూత, గాలిపంపు, కొన్నిసార్లు సైకిలే కనబడదు.

బండి అన్న పేరుతో లోపలికి రానివ్వకపోతే సామాను పేరుతో వద్దామని కొందరు ఉపాయం పన్నారు. 1975 ప్రాంతంలో లండనులో ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు తన గదిలో కూర్చొని మడత సైకిలు ఒకటి రూపొందించాడు. ఆ గది కిటికీ నుండి కనబడే బ్రాంప్టన్ ప్రార్థనామందిరం పేరే దానికి పెట్టాడు. మడిచినప్పుడు అది రెండడుగుల పొడవు కూడా ఉండదు. బల్ల కింద దూరిపోతుంది. జపానువారు మరొక పద్ధతి అవలంబించారు. చక్రాలు ఊడదీసి, మొత్తాన్ని సంచిలో కట్టి రైలెక్కుతారు; సంచిలో ఉన్నంతసేపు అది సైకిలు కాదు, మూట. ఆ దేశంలోనే ఒనోమిచి రేవుపట్టణంలో 1943 నాటి ఒక పాత గిడ్డంగిని బాగుచేసి 2014లో సైకిలు యాత్రికుల కొరకు హోటలు తెరిచారు. అక్కడ అతిథి సైకిలుతోనే గదిలోనికి వెళ్ళవచ్చు; దానిని తగిలించడానికి గోడకు కొక్కెం కూడా ఉన్నది. వేషం మార్చుకొనకుండా, సైకిలుగానే, సైకిలు లోపలికి వచ్చిన చోటు అది.

ప్రతి యజమానికీ అంతటి ఔదార్యం ఉండదు. అందుచేత కొన్ని ప్రభుత్వాలు చట్టాన్నే తలుపు తట్టమన్నాయి. న్యూయార్కు నగరం 2009లో చేసిన చట్టం ప్రకారం, సామాన్ల లిఫ్టు ఉన్న ఆఫీసు భవనంలో అద్దెకున్నవారు కోరితే వారి ఉద్యోగులు సైకిళ్ళను పైకి తీసుకువెళ్ళడానికి యజమాని ఏర్పాటు చేయాలి. సాయంత్రం ఆ లిఫ్టు ఆగిపోయిన తరువాత సైకిలు పైనే చిక్కుబడిపోతున్నదని తెలిసి, మనుషుల లిఫ్టును కూడా అట్టి వేళలలో వాడుకొననివ్వాలని 2016లో సవరించారు. చట్టం వ్రాసేవాడు కూడా ఒకసారి సైకిలు చేతపట్టుకొని మేడ దిగి చూడాలని ఈ సవరణ తెలియజేస్తున్నది.

హాలండు అనుభవం మరింత బోధప్రదమైనది. అక్కడ కొత్త ఇంటికి సైకిలు వంటివి పెట్టుకొనే కొట్టు ఉండాలన్న నిబంధన చిరకాలం అమలులో ఉండి, 2003 నాటి గృహనిర్మాణ నియమాలలో తొలగిపోయినది. చేదు అనుభవం తరువాత 2012 నియమాలలో దానిని తిరిగి చేర్చారు. కొట్టు వైశాల్యం కనీసం 5 చదరపు మీటర్లు ఉండాలన్నారు. ఆ దేశంలోనే ఉట్రెక్ట్ రైల్వేస్టేషను కింద 2019లో పూర్తయిన మూడు అంతస్తుల సైకిలుశాలలో 12,500 సైకిళ్ళు పడతాయి. తొక్కుకొంటూనే లోపలికి వెళ్ళవచ్చు. మొదటి 24 గంటలకు రుసుము లేకుండానే దానిని ప్రారంభించారు.

హోటలు యజమానుల పక్షాన కూడా న్యాయమైన మాటలు లేకపోలేదు. టైర్ల మరకలు గోడలకు అంటుతాయి, తివాసీ మీద నూనె పడుతుంది, మెట్ల మలుపులో నిలిపిన సైకిలు ప్రమాదవేళ మనుషుల దారికి అడ్డు. బ్యాటరీ సైకిళ్ళు వచ్చిన తరువాత మరొక భయం తోడైనది. 2023లో న్యూయార్కులో ఇట్టి బ్యాటరీల వలన రేగిన అగ్నిప్రమాదాలలో 18 మంది మరణించారు. నిర్ణీత భద్రతాపరీక్షలో నెగ్గని బ్యాటరీ సైకిళ్ళను అమ్మరాదని అదే యేడు ఆ నగరం శాసించినది. కనుక బ్యాటరీని పడకగదిలో, ద్వారం దగ్గర ఛార్జి చేయరాదనడం సబబే. కాని ఈ అభ్యంతరాలన్నీ చూపేది ఒక్కటే: సైకిలుకు తగిన చోటు వేరుగా ఉండాలి. చోటు లేకుండా చేయడానికి అవి కారణాలు కావు.

ఆ తగిన చోటుకు ఖర్చు ఎక్కువ కాదు. జర్మనీలో సైకిలు యాత్రికుల సంఘం 1995 నుండి నడుపుతున్న ఏర్పాటులో చేరే బసలకు పెట్టిన నియమాలు సామాన్యమైనవే: ఒక్క రాత్రికైనా అతిథిని చేర్చుకోవాలి, సైకిలుకు తాళం వేసే గది ఉండాలి, తడిసిన బట్టలు ఆరడానికి వీలుండాలి, చిన్న మరమ్మతులకు పనిముట్లు ఉండాలి, ఉదయం కడుపునిండా ఫలహారం దొరకాలి. తెలుగునాటి సత్రాలు ఒకప్పుడు ఎడ్లబండివానికి చేసిన మర్యాద కంటె ఇందులో అధికమైనది ఏదీ లేదు.

2011 జనాభా లెక్కల నాటికి భారతదేశంలో నూటికి సుమారు 45 కుటుంబాలకు సైకిలు ఉన్నది. ఇందులో వినోదానికి తొక్కేవారు కొందరే. తెల్లవారుజామున పత్రిక వేసే కుర్రవాడు, రాత్రికాపలా దిగి ఇంటికి పోయే మనిషి, గోడకు రంగువేసే పనివాడు, ఇంటిపనికి వచ్చే ఇల్లాలు కూడా ఇందులోనివారే. వారి పని మేడ మీద. వారి సైకిలు ప్రహరీ బయట, ఎండలో, దొంగవాని దయ మీద. వందల కార్లకు గీతలు గీసి అంకెలు వేసిన భవనంలో వారి సైకిలుకు ఒక కమ్మి అయినా లేకపోతే, ఆ లోపం కొలతలలోనిది కాదు. ఎవరు వస్తారని ఊహించి ఆ భవనం కట్టారో అందులోనిది. దూరాన్నుంచి వచ్చినవాని కాళ్ళకు నీళ్ళిచ్చే ఇంటిని మన పెద్దలు మంచి ఇల్లన్నారు. అతనిని మోసుకొని వచ్చిన దానికి ఇంత నీడ చూపిన ఇల్లే ఆ పేరుకు తగినది.