రిజిస్టరులో ఒక గడి... డెంటల్ కాలేజీలో ఒక సీటు

రాజోలు ప్రాంతంలో మన ఇళ్ళల్లో పన్ను నొప్పి వస్తే ముందు లవంగం, తరువాత ఉప్పునీళ్ళు, ఆ పైన మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళ. అప్పటికీ తగ్గకపోతే అమలాపురం బస్సెక్కడమో, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్ళడమో చేస్తాం. ఇది మగవాళ్ళ సంగతి. ఆడవాళ్ళు చాలామంది ఆ బస్సు కూడా ఎక్కరు. పరాయి మగ డాక్టరు ముందు ముసుగు తీసి నోరు తెరవడానికి వారికి బిడియం. దవడ వాచినా గుడ్డ కట్టుకొని వంట చేస్తూనే ఉంటారు. నలభై ఏళ్ళు దాటేసరికి సగం పళ్ళు ఊడిపోయిన తల్లులను మన వీధుల్లో నేను ఎందరినో చూశాను.

అందుచేత మా వీధి అమ్మాయి ఒకతె ఇంటర్‌లో బై.పి.సి. తీసుకొని, "పళ్ళ డాక్టరు చదువుతాను మాస్టారూ" అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఆ పిల్ల తల్లి కువైట్‌లో ఇంటిపని చేసి డబ్బు పంపుతుంది. పిల్లను పెంచింది నానీ. తాత ఒకప్పుడు సైకిలు మీద ఊరూరా తిరిగి అత్తరు, సుర్మా అమ్మేవాడు. అటువంటి ఇంట్లో పుట్టిన పిల్ల 2022లో నీట్ రాసి మంచి మార్కులే తెచ్చుకుంది. కానీ ఆ ఏడాది ఆమెకు సీటు రాలేదు. అందుకు కారణం ఆమె ర్యాంకు కాదు. నా చేతిరాత.

చదువరులు నన్ను క్షమించాలి. ఈ వ్యాసం ఆ తప్పు ఒప్పుకోవడానికే రాస్తున్నాను.

నేను రాసిన మాట

2010లో ఆ పిల్లను ఒకటవ తరగతిలో చేర్చుకున్నది నేనే. అడ్మిషన్ రిజిస్టరులో 'మతం' అని ఒక గడి, 'కులం' అని ఒక గడి ఉంటాయి. మతం దగ్గర 'ఇస్లాం' అని రాశాను. కులం దగ్గర 'ముస్లిం' అని రాసి ఊరుకున్నాను. నానీ పక్కనే నిలబడి, "మాది అత్తరు సాయిబుల ఇల్లు బాబూ" అని చెప్పింది కూడా. నేను నవ్వి, "మన దీన్‌లో కులం ఏమిటమ్మా, అందరం ఒకటే" అన్నాను. మదరసాలో చదువుకున్నవాణ్ణి. సమానత్వం గురించి పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. ఆ రోజు నేనేదో గొప్ప పని చేశాననే అనుకున్నాను.

పన్నెండేళ్ళ తరువాత ఆ పిల్లకు బి.సి.-ఇ ధ్రువపత్రం కావలసి వచ్చింది. బడి రికార్డులో వర్గం పేరు లేదు. విచారణ అన్నారు, పాత కాగితాలు తెమ్మన్నారు. ఈలోగా కౌన్సెలింగ్‌కు దరఖాస్తు గడువు దాటిపోయింది. ఆమె ఓ.సి.గానే మిగిలింది. తనకంటే తక్కువ మార్కులు వచ్చిన పిల్లలకు అదే బి.సి.-ఇ కోటాలో సీట్లు వచ్చాయి. నానీ నన్ను ఒక్క మాట కూడా నిష్ఠూరమాడలేదు. "ఆ రోజు మీరే కదా రాసింది మాస్టారూ" అని మాత్రం అంది. ఆ మాట ఈనాటికీ నా చెవుల్లోనే ఉంది.

నాలుగు శాతం వెనుక కథ

ఈ నాలుగు శాతం మనకు సులభంగా వచ్చింది కాదు. దీని చరిత్ర మన పిల్లలకు తెలియాలి.

2004లో డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం ముస్లింలందరికీ కలిపి 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2005లో బి.సి. కమిషన్ నివేదిక ఆధారంగా మళ్ళీ చట్టం చేశారు. నవంబరులో అదీ నిలవలేదు. వెనుకబాటుతనాన్ని సరిగా విచారించి నిర్ణయించాలనేది కోర్టుల మాటల సారాంశం.

అప్పుడు రిటైర్డ్ ఐ.ఎ.ఎస్. అధికారి పి.ఎస్. కృష్ణన్ గారికి ఆ పని అప్పగించారు. వెనుకబడిన వర్గాల సమస్యల మీద జీవితమంతా పనిచేసిన మనిషి ఆయన. ముస్లింలందరినీ ఒకే గాటన కట్టకుండా, వారి వారి వృత్తులను, సామాజిక స్థితిని చూసి వర్గాలను గుర్తించారు. ఆ నివేదిక మీద 2007లో వచ్చిన 26వ నంబరు చట్టం 14 వర్గాలను బి.సి.-ఇ కింద చేర్చింది. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, హజామ్‌లు, లబ్బీలు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు, తురక కాశలు మొదలైనవారు అందులో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్, ఖోజా, బోహరా, కచ్చీ మెమన్ వంటివారు లేరు. మన దూదేకుల సోదరులు అంతకుముందు నుంచే బి.సి.-బి లో ఉన్నారు.

5 శాతం 4 ఎందుకైందని చాలామంది అడుగుతుంటారు. లెక్క తేలికే. అప్పటికి బి.సి.లకు 25, ఎస్.సి.లకు 15, ఎస్.టి.లకు 6, మొత్తం 46. సుప్రీంకోర్టు గీసిన గీత 50. మిగిలింది 4.

ఈ చట్టాన్ని కూడా 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం మెజారిటీ తీర్పుతో కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, 14 వర్గాలకు 4 శాతం కొనసాగించవచ్చునంటూ అసలు ప్రశ్నను రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ ఉత్తర్వు నీడలోనే మన పిల్లలు ఇన్నేళ్ళుగా ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. సీట్లలో చేరుతున్నారు.

కులం లేదన్న మనం వర్గం చెప్పుకోవచ్చునా?

నా తప్పు ఎక్కడ ఉందో చాలా రాత్రులు ఆలోచించాను. అల్ హుజురాత్ సూరాలో జాతులు, తెగల ప్రస్తావన ఉంది. అవి ఒకరినొకరు గుర్తుపట్టడానికే తప్ప పుట్టుకతో గొప్పతనం రాదని అక్కడి బోధ. నేను దానిలో సగమే పట్టుకున్నాను. ఎవరూ పుట్టుకతో అధికులు కారన్నది గుర్తుంది. గుర్తింపు అన్న మాట మరచిపోయాను. అత్తరు పెట్టె మోసిన తాత, చదువు లేని నానీ, గల్ఫ్‌లో అంట్లు తోమే తల్లి ఇవన్నీ ఆ పిల్ల చరిత్ర. ఆ చరిత్రను రిజిస్టరులో రాయకపోతే సమానత్వం రాదు. ఆ చరిత్ర కనిపించకుండా పోతుంది, అంతే. చట్టం ఆ గడిలో అడిగేది మన గొప్పతనం కాదు, మన స్థితికి గవాహీ.

గవాహీ అన్నాను కనుక రెండో మాట కూడా చెప్పాలి. ఇది కొందరికి చేదుగా ఉంటుంది. జాబితాలో లేని కుటుంబాలు కొన్ని ఇంటిపేరు మార్చుకొని 'షేక్' అని ధ్రువపత్రం తెచ్చుకోవాలని చూస్తున్నాయి. "అందరం ముస్లింలమే కదా, ఒక సీటుకు ఏమవుతుంది?" అంటారు. వంద సీట్లు ఉంటే మనకు దక్కేది నాలుగు. అందులో ఒకటి అబద్ధపు కాగితంతో తీసుకుంటే, ఒక ఫకీరు బిడ్డ హక్కునో, ఒక ధోబీ బిడ్డ హక్కునో తిన్నట్టే. అన్నిసా సూరాలో 135వ ఆయత్ సాక్ష్యం గురించి చెబుతుంది. సాక్ష్యం మనకే, మన తల్లిదండ్రులకే వ్యతిరేకమైనా నిజమే పలకాలని దాని భావం. ఇతరులను ఇన్సాఫ్ అడిగే సమాజం ముందు తన ఇంట్లో ఇన్సాఫ్ పాటించాలి.

పేద సయ్యద్, పఠాన్ కుటుంబాలకు దారి లేదా? ఉంది. 2019లో వచ్చిన 103వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఏ రిజర్వేషన్ కిందికీ రాని పేదలకు 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటా ఉంది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి, ఆస్తి పరిమితులు ఉన్నాయి. మతంతో నిమిత్తం లేదు. నిజం చెప్పి పొందగల హక్కు ఉండగా అబద్ధం ఎందుకు?

మెరిట్ అంటే ఏమిటి?

"రిజర్వేషన్‌తో వచ్చిన డాక్టరు పన్ను పీకితే దవడే ఊడుతుంది" అని వెక్కిరించేవారు ఉంటారు. వారికి కోపంతో కాదు, ఖాబిలియత్ అంటే ఏమిటో చెప్పి జవాబివ్వాలి. రిజర్వేషన్ కాలేజీ తలుపు వద్దనే ఆగిపోతుంది. లోపల నాలుగేళ్ళ చదువుకు, ఏడాది ఇంటర్న్‌షిప్‌కు అందరికీ ఒకే పాఠం, ఒకే పరీక్ష, ఒకే పాసు మార్కు.

ఇంకో సంగతి. ఓపెన్ కేటగిరీ అంటే ఓ.సి.ల కోటా కాదు. అది అందరిదీ. మంచి ర్యాంకు వచ్చిన బి.సి.-ఇ పిల్ల ఓపెన్ సీటులోనే లెక్కకు వస్తుంది. 2020లో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని మళ్ళీ గట్టిగా చెప్పింది. కనుక 'మనకు నాలుగే' అని చిన్నబుచ్చుకోకండి. నాలుగు మన అడుగు మెట్టు మాత్రమే.

2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ, పేరున్న కాలేజీల్లో డిగ్రీ విద్యార్థుల్లో ఇరవై అయిదుగురికి ఒకరు, పి.జి.లో యాభై మందికి ఒకరు మాత్రమే ముస్లింలని చెప్పింది. ఆ కమిటీయే మరో ఆలోచన కూడా ముందు పెట్టింది. ప్రవేశాల్లో 100 పాయింట్లు ఉంటే 60 మెరిట్‌కు, 40 ఆ విద్యార్థి ఇంటి ఆదాయం, జిల్లా వెనుకబాటు, సామాజిక స్థితి చూసి ఇవ్వవచ్చునని సూచించింది. కాలేజీలో ఎన్ని రకాల పిల్లలున్నారో కొలిచే వైవిధ్య సూచిక ఉండాలని కూడా చెప్పింది. తమిళనాడు 2020లో ప్రభుత్వ పాఠశాలల్లో చదివి నీట్ పాసైన పిల్లలకు ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది. లక్షలు పోసి కోచింగ్ తీసుకున్న పిల్లవాణ్ణి, సర్కారు బడి పిల్లవాణ్ణి ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తించడం న్యాయం కాదని దాని అర్థం.

అమెరికాలోనూ ఇదే చర్చ. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు జాతిని బట్టి ప్రవేశాలు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. అయితే తన జీవితంలో ఎదురైన కష్టాలను విద్యార్థి చెప్పుకోవడాన్ని అది అడ్డుకోలేదు. చూడండి, అక్కడ కూడా చివరికి మిగిలింది గవాహీయే.

మన దేశంలో దంత వైద్యానికి తండ్రి

మనలో చాలామందికి తెలియని పేరు ఒకటి చెబుతాను. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. 1890లో తూర్పు బెంగాల్‌లో పుట్టి, అలీగఢ్‌లో చదివి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంత వైద్య పట్టా పొందారు. తిరిగి వచ్చి 1920లో కలకత్తాలో మన దేశపు మొట్టమొదటి డెంటల్ కాలేజీ స్థాపించారు. 1949లో దాన్ని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించారు. 1964లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన పుట్టిన డిసెంబరు 24ను దేశమంతా దంత వైద్యుల దినంగా జరుపుకొంటుంది. పరాయి దేశంలో ఒక కాలేజీ ఆ బెంగాలీ కుర్రవాడికి తలుపు తీసింది. ఆయన తిరిగివచ్చి వేలాది మందికి తలుపు తీశారు. ఒక సీటు విలువ అది.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

ఒకటి. ఈ వారమే మీ పిల్లల బడికి వెళ్ళి రిజిస్టరులో వర్గం పేరు ఏమని ఉందో చూడండి. తప్పుంటే ఇప్పుడే దిద్దించండి. ధ్రువపత్రం పిల్లలు ఇంటర్‌లో ఉండగానే చేతికి రావాలి.

రెండు. రాష్ట్రంలో బి.సి.-ఇ అయినంత మాత్రాన కేంద్రం దృష్టిలో ఓ.బి.సి. కాదు. కేంద్ర జాబితా వేరు. నీట్ దరఖాస్తులో గుడ్డిగా ఓ.బి.సి. అని పెట్టి తరువాత బాధపడవద్దు. ఆ జాబితా చూసుకొని నింపండి.

మూడు. నీట్ తెలుగులో 2017 నుంచి, ఉర్దూలో 2018 నుంచి ఉంది. ఇంగ్లీషు రాదని భయపడి పిల్లలను ఆపకండి. కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు స్థానికులకు. మన కోనసీమ ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తుంది. ప్రతి కేటగిరీలోనూ మూడోవంతు సీట్లు ఆడపిల్లలవి.

నాలుగు. మొదటి విడతలో రాలేదని ఇంటికి వచ్చేయకండి. 2020-21లో దేశంలో వేల సంఖ్యలో బి.డి.ఎస్. సీట్లు ఖాళీగా మిగిలి, అర్హత మార్కు తగ్గించమని సుప్రీంకోర్టే చెప్పవలసి వచ్చింది. ఒక పక్క సీట్లు ఖాళీ, మరో పక్క మన పిల్లలు ఖాళీ. చివరి విడత దాకా ఓపిక పట్టండి. ప్రైవేటు కాలేజీ అయితే కన్వీనర్ కోటా ఏదో, మేనేజిమెంటు కోటా ఏదో తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.

మా వీధి అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. తాత నాటి పాత కాగితం ఒకటి ట్రంకు పెట్టెలో దొరికింది. దాని మీద ధ్రువపత్రం వచ్చింది. 2023లో మళ్ళీ పరీక్ష రాసి బి.డి.ఎస్.లో చేరింది, అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ తల్లి కువైట్‌లో ఇంకో ఏడాది ఎక్కువ పనిచేయవలసి వచ్చింది. ఆ ఏడాదిని నేను తిరిగి ఇవ్వలేను. క్రిందటి పండుగకు ఆ పిల్ల ఇంటికి వచ్చినప్పుడు నానీని గుమ్మంలో కూర్చోబెట్టి, టార్చిలైటు వేసి నోరు చూస్తోంది. అంతవరకు ఏ డాక్టరు ముందూ నోరు తెరవని మనిషి చంటిపిల్లలా నోరు తెరిచి కూర్చుంది.

ఇప్పుడు నేను అడ్మిషన్ రిజిస్టరు ముందు కూర్చున్నప్పుడు కులం గడి దగ్గర ఆగుతాను. పెద్దవాళ్ళను అడుగుతాను. వారు చెప్పింది పూర్తిగా విని, అప్పుడు రాస్తాను. ఆ గడి మన బిడ్డల అమానత్. సోదరులారా, మీరూ అలాగే చూసుకోండి.